ఎనిమిది చలికాలాల రబ్బరు

కారు ఆగిన తీరులోనే వాడెవడో గ్లెనిస్‌కి తెలిసిపోయింది, ముఖం ఇంకా కనపడకముందే. షెడ్డు ముందు మూడు బళ్ళు పట్టే జాగా ఉంటే, ఆ మూడింటి మీదా తనకే పట్టా ఉన్నట్టు అడ్డంగా నిలిపి, ఇంజనుని ఇంకోసారి గుర్రుమనిపించి అప్పుడు ఆపాడు. ఆవపువ్వు రంగు కారు, నేలకి జానెడు ఎత్తు, ఇంజను వెనక ఉండే జర్మనీ రకం. రేకుల మీద జూన్ నెల చలికాలపు వాన పొద్దుటినుంచీ దంచుతూనే ఉంది, హ్యూన్ నది మీది పొగమంచు వంతెనని సగం తినేసింది, గ్లెనిస్ చేతిలో మటన్ కూరిన రొట్టె కూడా సగమే మిగిలింది, దాన్ని బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉండిపోయింది. పన్నెండేళ్ళు. కారు తలుపు తెరుచుకుని ముందు బూటు దిగింది, గోధుమరంగు తోలు బూటు, నీటిగుంట ఎక్కడుందో చూసుకుని మరీ దిగింది, దాని వెనక మనిషి దిగాడు. వారిక్ ప్రిడ్మోర్. చెర్రీ తోటల వారిక్. కాస్త లావెక్కాడు, చెవుల పక్కన నెరిసింది. చేతులు మాత్రం అవే. ఆ కుడిచేతి మెటికల్లో ఏదో ఒకటి గ్లెనిస్ చెల్లెలు రేలీన్ దవడని రెండు చోట్ల విరగ్గొట్టింది. ఏ మెటిక? చూపుడువేలిదా, నడిమివేలిదా? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నడూ తట్టలేదే అనుకుంది. తట్టగానే ఇక దాన్ని వదిలించుకోవడం తన వల్ల కాలేదు.

"ఏమ్మా, మీ ఆయన లేడా లోపల?" అన్నాడు వాడు, షెడ్డంతా కలయజూస్తూ.

"ఉంటే నేనెందుకు ఈ మసిలో పొర్లుతాను. ఏం కావాలో చెప్పండి."

మూలన కుర్చీలో టీ తాగుతున్న క్లారీ ముసలాడు కిసుక్కున నవ్వాడు. నలభై ఏళ్ళు దుంగల లారీ తోలిన మనిషి, పని ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున్నే వచ్చి ఆ కుర్చీలో కూలబడతాడు. "ఆవిడగారి మొగుడు పారిపోయి పదేళ్ళయింది బాబూ. టైర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాయి."

"టైర్ల కోసమేగా వచ్చింది. ఎల్లుండి ఆదివారం కొండ మీద కార్ల పందెం ఉంది, నాలుగూ మార్చాలి. ఇవాళే కావాలి."

గుర్తుపట్టలేదు. తన ముఖంలోకి సూటిగా చూశాడు, చూసి గోడ మీద గడియారం వైపు తిప్పుకున్నట్టే చూపు తిప్పుకున్నాడు. గుర్తుపట్టడానికి తనని ఎప్పుడైనా చూస్తే కదా. రేలీన్ వాడి చెర్రీ షెడ్డులో పళ్ళు ఏరే పనికి కుదిరి, ఏడాది తిరక్కుండా వాడి ఇంటికే మకాం మార్చినప్పుడు ఒకసారి భోజనానికి పిలిచింది. ఆ రోజు బల్లకి ఆ చివర కూర్చుని వాడు గ్లాసుల గురించీ ద్రాక్షసారా గురించీ ఒక్కడే మాట్లాడాడు, టైర్లు బిగించే ఆడదాని గోళ్ళకింద మసి చూసి ముక్కు కొద్దిగా ఎగబీల్చాడు, అంతే. మనుషుల్ని వాళ్ళు చేసే పనిలోకి దించేసి మూత పెట్టేసే రకం. ఇప్పుడు కూడా అంతే, ఇక్కడ ఒక ఆడది లేదు, గాలి కొట్టే యంత్రం ఒకటి ఉంది, దాంతో మాట్లాడుతున్నాడు. గ్లెనిస్ మోకాళ్ళ మీద కూర్చుని వెనక చక్రం లోపలివైపుకి చెయ్యి పోనిచ్చింది. బయటినుంచి చూస్తే ఇంకా రెండు వేల మైళ్ళు తిరుగుతుందనిపిస్తుంది, లోపలి అంచు మాత్రం రబ్బరు పూర్తిగా అరిగిపోయి నూలు పోగులు బయటికొచ్చాయి, తీగలు కూడా, వేలికి చురుక్కున గుచ్చుకున్నాయి. ఇలాంటి కార్లన్నీ చక్రాలు లోపలికి ఒరిగి నిలబడతాయి, అరుగుదలంతా ఎవరికీ కనపడని ఆ పక్కనే. వేలి చివర నెత్తురు చుక్క కనపడింది. దాన్ని నోట్లో పెట్టుకుంటే ఇనుము రుచి, రబ్బరు రుచి. తలెత్తితే గోధుమరంగు బూటు కంటికి జానెడు దూరంలో ఉంది. ఆ కాలి మడమ వెనక ఉండే నరం ఇక్కడినుంచి ఎంత దగ్గర. పక్కన నేల మీద మూడడుగుల ఇనప పలుగు ఉంది, రిమ్ము నుంచి టైరు పెకలించేది. ఒక్క విసురు చాలు. కూర్చున్న చోటినుంచే విసరొచ్చు, లేవక్కర్లేదు. గొడ్డు కూలినట్టు కూలతాడు. అప్పుడు నోరు దొరుకుతుంది, చేతికి అందే ఎత్తులో.

"వెనకవి చచ్చిపోయాయి. పోగులు బయటపడ్డాయి," అంది లేచి. "ముందువి కూడా అదే దారిలో ఉన్నాయి. ఈ కొలత నా దగ్గర ఉండదు. మెల్‌బోర్న్‌ నుంచి రావాలి. ఇవాళ చెబితే ఓడెక్కి మంగళవారానికి వస్తాయి."

"మంగళవారానికి పందెం అయిపోయి, దాని మీద తాగడం కూడా అయిపోతుందమ్మా."

"పందెం మళ్ళీ ఏడాది కూడా ఉంటుంది."

"నువ్వు నాకు పందేల గురించి చెప్పకు. టైర్లు అమ్ముకో." నవ్వాడు వాడు, తెల్లటి పళ్ళు, వరసగా, ఒక్కటీ కదల్లేదు. రేలీన్‌కి ఎడమవైపు నాలుగు లేవు. ఫిబ్రవరి, అవును, ఆ రోజు ఫిబ్రవరి, నడివేసవి. ఎండకి తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది, ఆపిల్ కోతలు మొదలయ్యాయి, షెడ్డు ముందు అయిదు ట్రాక్టర్లూ రెండు ట్రక్కులూ క్యూ కట్టాయి, అందరికీ ఆ క్షణంలోనే కావాలి. రేలీన్ పాత తెల్లకారు వాటి వెనకగా వచ్చి నిలబడింది. నల్లకళ్ళద్దాలు, ఆ ఎండలో మెడ చుట్టూ రుమాలు. అక్కా, వెనక చక్రంలో గాలి దిగిపోతోందే. అంతే అంది. పెదవి వాచి ఉంది, కింది పెదవి, ఒక పక్కగా, తేనెటీగ కుట్టినట్టు. గ్లెనిస్ చూసింది. చూసిందా? చూసింది. చూసి చక్రం దగ్గర కూర్చుంది. మేకు. రెండంగుళాల మేకు, పళ్ళపెట్టెలకి కొట్టేది. చక్రం విప్పి, టైరు తీసి, లోపలివైపు గీకి, మందు రాసి, అతుకు వేసి, నొక్కి, గాలి కొట్టి, సబ్బునీళ్ళు పోసి బుడగ వస్తుందేమో చూసి, ఇరవై నిమిషాలు పట్టింది. అంత శ్రద్ధగా పంచరు వేసింది చెల్లెలి చక్రానికి. అక్కా, కాసేపు ఇక్కడే కూర్చోనా, అంది రేలీన్, ఆ కుర్చీ, ఇప్పుడు క్లారీ కూర్చున్నదే. జనం ఉన్నారే తల్లీ, సాయంత్రం మాట్లాడుకుందాం, ముందు ఇంటికెళ్ళు. టైరుకేం భయం లేదు, ఈ దేశం చుట్టూ తిరిగొచ్చినా ఏం కాదు. అవును, ఏం కాలేదు టైరుకి. చెల్లెల్ని భద్రంగా, మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా తీసుకెళ్ళి వాడి గుమ్మంలో దింపింది. ఆ రాత్రే హోబార్ట్ ఆసుపత్రి నుంచి ఫోను.

"పైన అవేంటి?"

వాడి వేలు పైకి చూపిస్తోంది. షెడ్డు దూలానికి దగ్గరగా, అన్నిటికంటే పై అరలో, నాలుగు టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. హోబార్ట్ డాక్టరొకాయన ఇలాంటి కారుకే తెప్పించుకున్నవి, ముందువి రెండూ సన్నం, వెనకవి రెండూ మూడేసి అరచేతుల వెడల్పు, పందేలవాళ్ళు వాడే సగం గుండు రకం, గాడులు పేరుకి నాలుగు, మిగతాదంతా నున్నటి రబ్బరు. అవి రాకముందే ఆయన కారు అమ్మేశాడు, తీసుకెళ్ళడానికి ఎన్నడూ రాలేదు. ఎనిమిదేళ్ళు. ఎనిమిది చలికాలాలు రేకుల కింద గడ్డకట్టి, ఎనిమిది వేసవులు అదే రేకుల కింద కాగి. చూడ్డానికి బావుంటాయని ఏడాదికోసారి దుమ్ము దులిపి నల్లరంగు నూనె పూసి మళ్ళీ పైనే పెడుతుంది తను, గోడకి బొమ్మ తగిలించుకున్నట్టు.

"అవి ఈ కారు కొలతే," అంది. ఎందుకంది? నోటికి వచ్చేసింది.

"మరి మంగళవారం, మెల్‌బోర్న్, ఓడా అంటావేం? ఎవరికోసం దాచావు?"

"ఒకాయన తెప్పించుకుని వదిలేశాడు. అవి వేడెక్కితేనే పట్టు. చలిలో, తడిలో..."

"వేడెక్కించడం నాకొదిలెయ్. ఏం టైర్లో నాకు తెలుసు, నేను పందెంలో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నా. దింపు."

చెప్పింది. సగం చెప్పింది. తడి గురించి చెప్పింది, చలి గురించి చెప్పింది, వయసు గురించి చెప్పలేదు. అడగలేదుగా వాడు. ఈ ఆటలో ఎంత తిరిగినా వీళ్ళు చేసే తప్పు ఇదే, పేరు చూస్తారు, కొలత చూస్తారు, గాడి లోతు చూస్తారు, టైరు పక్కన చిన్న పెట్టెలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం, దాన్ని చదివేవాడు వందకొకడుండడు. వాడని టైరు కొత్త టైరే అనుకుంటారు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుందని, లోపలి నూనె ఆరిపోయి చెక్కలా బిగుసుకుంటుందని టైర్లవాళ్ళకే తెలుసు. పైగా ఈ రకానికి ఆ అంకెలు లోపలివైపు పడతాయి. బిగించేశాక ఎవరికీ కనపడవు, కారు కింద పడుకుని చూస్తే తప్ప. ముసలి టైరు అమ్మకూడదని చట్టం కూడా ఏమీ లేదు. ఎవడూ తనని ఏమీ అనలేడు. వాడే అడిగాడు. వాడే వేలు పెట్టి చూపించాడు. సాక్షి కూడా ఉన్నాడు.

క్లారీ కప్పు కింద పెట్టాడు. ఆ టైర్లు పైకెక్కిన రోజు నిచ్చెన పట్టుకున్నవాడు అతనే. ఎనిమిదేళ్ళుగా రోజూ వాటి కింద కూర్చుని టీ తాగుతున్నాడు. నెమ్మదిగా లేచి, టోపీ పెట్టుకుని, వారిక్ వైపు ఒకసారి పైనుంచి కిందికి చూశాడు, శవపేటికకి కొలత తీసినట్టు, తర్వాత గ్లెనిస్ దగ్గరగా వచ్చి, "ఆదివారం పైన మంచు కురుస్తుందంటున్నారమ్మాయ్," అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు. భుజం మీద ఒక్క తట్టు తట్టి వానలోకి వెళ్ళిపోయాడు. చెప్పేసి వెళ్ళాడు. మేమెవ్వరం నోరెత్తం అని. ఈ లోయంతా అంతే. పన్నెండేళ్ళ కిందట కూడా నోరెత్తలేదు, మెట్ల మీద పడిందట పాపం అన్నారు, రొట్టెలకొట్లో, చర్చిలో, బారులో, మెట్లట, మెట్లట. రేలీనే రాసిచ్చింది ఆ మాట, దవడకి తీగ చుట్టి ఉంటే నోరు తెరవలేక, పోలీసమ్మాయి ఇచ్చిన కాగితం మీద వంకరటింకరగా ఒక్క మాట, మెట్లు. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాన కెయిర్న్స్‌లో ఉంటుంది, అక్కడ చలి ఉండదుట, చలికి ఎముక సలుపుతుందట. క్రిస్మస్‌కి ఫోను చేస్తుంది. వానలెలా ఉన్నాయి అని అడుగుతుంది.

"ఎంతసేపు?" అన్నాడు వారిక్, క్లారీ కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకుని ఫోను తీస్తూ.

"గంట."

కారు లిఫ్టు ఎక్కింది. బళ్ళని పైకెత్తే లిఫ్టు షెడ్డులో అదొక్కటే. గాలి గన్ను అందుకుంది, బోల్టులు గర్ర్‌మని అరుస్తూ ఊడాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్క పన్ను, అయిదు, పది, పదిహేను, ఇరవై. చక్రాలు నాలుగూ దిగి, కారు గాలిలో నాలుగు కాళ్ళూ తెగిన పందిలా వేలాడింది. ఆదివారం. ఎలా జరుగుతుంది ఆదివారం? కింద ఊళ్ళో వాన, పైన నీలగిరి చెట్ల నీడలో ఎండ తగలని ఆ మూడో మలుపు, జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ రోడ్డు మీద అద్దంలాంటి మంచుపొర, చూస్తే తడి అనుకుంటారు. వాడు రెండో మలుపు బాగానే తిప్పుతాడు, నవ్వుతాడు, మూడో దాంట్లో కాలు నొక్కుతాడు. నొక్కగానే వెనక భాగం, ఇంజనంతా ఉన్న ఆ బరువైన వెనక భాగం, మెల్లగా, పెళ్ళికూతురు పక్కకి తిరిగినట్టు పక్కకి తిరుగుతుంది. స్టీరింగు ఎటు తిప్పినా వినదు. రబ్బరు రోడ్డుని పట్టుకోదు, ముసలి రబ్బరు పట్టుకోవడం ఎలాగో మరిచిపోయింది. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో వాడికి అంతా తెలుస్తుంది. ఒక చెట్టు. ఆ చెట్లు కార్లకి లొంగవు, మూడువందల ఏళ్ళవి. తలుపు పక్కనుంచి. గాజు ముందు ముఖంలోకి, తర్వాత ఇనుము, స్టీరింగు రొమ్ములోకి, దవడ, ముందు దవడే విరగాలి, దవడ విరిగి తర్వాత కొంచెంసేపు బతికుండాలి, నోట్లోంచి మాట రాక, నెత్తురు గొంతులోకి దిగుతుంటే ఎవరినైనా పిలుద్దామని ప్రయత్నించాలి, గొంతులో గుడగుడ. పై చెట్టు మీద కాకులు. గ్లెనిస్‌కి నోరూరింది. నిజంగానే, నాలుక కింద, పులుపు తలుచుకున్నట్టు. మింగింది.

పాత టైరు యంత్రం మీద పెట్టి అంచు నొక్కింది. టప్‌మని పేలినట్టు విరిగింది పట్టు, రిమ్ముకి అతుక్కున్న రబ్బరు విడిపోయే చప్పుడు, ముప్ఫయ్యేళ్ళుగా రోజుకి నలభైసార్లు విన్న చప్పుడు. ఇవాళ మాత్రం వీపు మీద కొరడాలా తగిలింది. ఇలాగే అయ్యుంటుంది. ఇలాగే పొట్టిగా, పొడిగా, ఒక్కసారి, మళ్ళీ ఒకసారి. రెండో పక్క నొక్కింది. టప్. కుర్చీలో వాడు ఉలిక్కిపడ్డాడు, "అబ్బ, ఏం చప్పుడమ్మా," అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా. రెండో టైరు. టప్, టప్. మూడోది. వాడికి ఆ రోజు వినపడిందా? ఎముక చప్పుడు గదిలో ఉన్నవాడికి వినపడుతుందా, లేక కొట్టేవాడి చెవుల్లో నెత్తురు హోరే వినపడుతుందా? నాలుగోది. టప్. పోగులు బయటపడ్డ టైర్లని చెత్తకుప్పలో ఊరికే పడెయ్యరు, ఎవరో ఒకరు ఏరుకుపోయి మళ్ళీ బండికి బిగిస్తారు, ఎక్కడో ఎవరి ప్రాణమో పోతుంది. అందుకని పక్కన కత్తి దించి చీల్చి పడేస్తారు, తండ్రి నేర్పాడు, ఆయనకి ఇంకెవరో. కొక్కెంలాంటి వంకర మొన ఉన్న కత్తి. నాలుగింటినీ వరసగా చీల్చింది. అలవాటుగా, చేప పొట్ట తెరిచినట్టు. కత్తి బల్ల మీద పెట్టింది, నిచ్చెన వేసింది, ఎక్కింది, పై అరలోంచి ఆ నిగనిగలాడేవాటిని ఒక్కొక్కటీ దొర్లించి కిందికి వదిలింది.

మొదటిది నేల తాకగానే ఠంగ్‌మంది. బతికున్న రబ్బరు పడితే దబ్‌మంటుంది, మెత్తగా, కడుపులోంచి. ఇది చెక్కపీపాలా మోగింది. వాడు వినలేదు. వినిపించినా అర్థంకాదు. నాలుగూ దింపి, మొదటిదాన్ని నిలబెట్టి, బొటనవేలి గోరు అదిమింది. దిగలేదు. కొత్తదాంట్లో గోరు చంద్రవంకలా దిగి, తీస్తే మెల్లగా పూడుతుంది, ఒంటి మీద నొక్కితే పూడినట్టు. ఇది గోరుని వెనక్కి తోసింది. సన్నసన్నటి పగుళ్ళు, నూనె కింద, ముసలమ్మ మెడ మీద ముడతల్లా. వాసన కూడా లేదు. చచ్చిన టైరు. దీన్ని రిమ్ముకెక్కించి, గాలి కొట్టి, సీసపు ముక్క తగిలించి సమం చేసి, బోల్టులు బిగించి, కారు కిందికి దింపి, తాళాలు చేతికిచ్చి, ఒక్క చిరునవ్వు నవ్వితే చాలు. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది. పన్నెండేళ్ళ కిందట కూడా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. రిమ్ము అంచుకి సబ్బు పూసింది. టైరుని యంత్రం మీదికెత్తింది.

సోమవారం పొద్దున్న రొట్టెలకొట్లో ఏమంటారు? వాన అంటారు. మంచు అంటారు. పాపం వారిక్, మంచి డ్రైవరు, ఆ మూడో మలుపు ఉంది చూశావూ. పూలగుత్తి పెడతారు చెట్టు మొదట్లో. పేపర్లో ఫోటో వేస్తారు, ఈ పళ్ళతోనే, నవ్వుతూ. మేయరు మాట్లాడతాడు. ఎవరూ, ఒక్కరంటే ఒక్కరు, రేలీన్ పేరెత్తరు. వాడు కూడా ఎత్తడు. ఆ రెండు సెకన్లలో వాడి బుర్రలోకి ఎవరొస్తారు? కారొస్తుంది, చెట్టొస్తుంది, అయ్యో అనుకుంటాడు, అంతే. ఇది దేనికో వాడికి తెలీకుండానే పోతాడు. మెట్లట అన్నట్టే, వానట అంటారు. వాడి చేతికి మెట్లు అని పేరు పెట్టారు, తన చేతికి వాన అని పేరు పెడతారు, మళ్ళీ అందరూ నోరు మూసుకుంటారు, తనూ మూసుకుంటుంది, బతికినన్నాళ్ళూ, అదే కుర్చీ పక్కన, అదే టీ. ఒళ్ళంతా కోపం ఎగదన్నింది గ్లెనిస్‌కి, ఇంతసేపూ ఉన్నది కోపం కాదు, దాని నీడ, ఇదీ అసలుది, కాళ్ళలోంచి లేచి మెడ నరాల్లోకి ఎక్కింది. ఇంత చవగ్గానా? ఇంత చప్పుడు లేకుండానా? దొంగతనంగా వెనకనుంచి? వాడు చావడం కాదు కావాల్సింది, లేదు, చావడం కూడా కావాలి, కానీ ముందు వినాలి. ఆ పేరు ఈ షెడ్డులో, పగటిపూట, వాడి ముఖం మీద, గట్టిగా.

బల్ల మీద కత్తి చేతిలోకొచ్చింది. యంత్రం మీద టైరుని పక్కనుంచి పొడిచింది, మణికట్టు దాకా బలం పెట్టి, చెక్కలా బిగుసుకుందేమో మొదట దిగలేదు, రెండోసారికి దిగింది, చుట్టూ లాగింది, రబ్బరు కీచుమంటూ తెరుచుకుంది. రెండోదాన్ని నేల మీద తొక్కిపట్టి పొడిచింది. వాడు లేచాడు. "ఏయ్! ఏం చేస్తున్నావ్? అవి నావి!" మూడోది. అరచేతిలో కత్తిపిడి జారి చర్మం లేచిపోయింది, ఆగలేదు. "పిచ్చెక్కిందా నీకు?" నాలుగోది పొడిచి, పొడిచి, ఒకటి చాలేచోట ఆరు పోట్లు పొడిచి, నిటారుగా లేచి నిలబడింది, రొప్పుతూ, కత్తి ఇంకా చేతిలోనే.

"ఎనిమిదేళ్ళవి ఇవి," అంది. "వీటి మీద నిన్ను పంపిస్తే ఆదివారం మధ్యాహ్నానికి చెట్టుకి అతుక్కుని ఉండేవాడివి. ఎక్కించబోయాను. సబ్బు కూడా పూశాను చూడు."

వాడు చీల్చిన టైర్ల వైపు చూశాడు. "నేను... నీకేం చేశాను? ఎవరు నువ్వు?"

"రేలీన్ వాళ్ళక్కని."

"ఏ రేలీన్?"

వాన ఒక్కసారి జోరందుకుంది, రేకులన్నీ మోగాయి. వాడి ముఖం వెతుక్కుంటోంది, నిజంగానే వెతుక్కుంటోంది, జేబులో తాళాలు వెతుక్కున్నట్టు. నటన కాదు. దొరికింది. "ఓ. ఆ పిల్ల. షెడ్డులో పనిచేసేది." ఊపిరి వదిలాడు, ఇంతేనా అన్నట్టు. "మెట్ల మీద పడింది కదా తను. దానికి నేనేం చెయ్యను? పన్నెండు పదమూడేళ్ళ మాట. ఇప్పుడెలా ఉంది?"

నమ్ముతున్నాడు. చెప్పీచెప్పీ వాడికే నిజమైపోయింది. గ్లెనిస్ కత్తిని చూసుకుంది, నల్లగా, రబ్బరు పొడి అంటుకుని. రెండడుగులు. రెండే. బల్ల మీదికి కాదు, వెనక్కి విసిరింది దాన్ని, షెడ్డు చివరికి, ఇనుముకి ఇనుము తగిలి ఎక్కడో పడింది.

"దవడ రెండు చోట్ల విరిగింది," అంది. "మెట్లు రెండుసార్లు కొట్టవు."

వాడి కుడిచెయ్యి ముడుచుకుంది. అప్పుడు చూసింది ఆ పిడికిలిని, మొదటిసారి, ఇంత దగ్గరగా. నడిమివేలి మెటిక. అదే ముందుకి పొడుచుకొచ్చి ఉంది. ముఖం ఎర్రబడింది వాడికి, మెడ దాకా, ఆ ముఖం రేలీన్‌కి తెలుసు, ఈ లోయలో ఇంకెవరికీ తెలీదు, ఇప్పుడు తనకి తెలుసు. గ్లెనిస్ కదల్లేదు. గడ్డం కొంచెం పైకెత్తింది.

"కొట్టు," అంది. "ఇక్కడ మెట్లు లేవు, తర్వాత చెప్పుకోవడానికి. ఏం చెబుతావో ముందే ఆలోచించుకుని కొట్టు."

ఎంతసేపు? చూరునుంచి నీళ్ళు పదిసార్లు పడేంతసేపు. వాడు వీధివైపు చూశాడు. వంతెన మీద స్కూలు బస్సు దీపాలు వేసుకుని వస్తోంది, ఎదురుగా మందులషాపు అద్దంలోంచి ఎవరో ఇటే చూస్తున్నారు. పిడికిలి వేలు వేలుగా విచ్చుకుంది. చూసేవాళ్ళుంటే విచ్చుకుంటుంది, అంతే కదా దాని తెలివి.

"పోలీసుల్ని పిలుస్తా," అన్నాడు. "నా టైర్లు కోసేశావని."

"పిలువు. ఫోను నీ చేతిలోనే ఉంది. దేనికి కోశానో కూడా అడుగుతారు, చెబుతాను. ఈసారి కాగితం మీద కాదు, నోటితోనే చెబుతాను. క్లారీని అడుగుతారు. రేలీన్‌కి ఫోను చేస్తారు. పిలువు బాబూ."

వాడు ఫోను వైపు చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. కారు వైపు చూశాడు, అంతెత్తున, కాళ్ళు లేకుండా. "నేనెలా వెళ్ళాలి?" అన్నాడు. ఆ మాటలో మొదటిసారి వాడి గొంతు సన్నబడింది.

"నడిచి."

నడిచాడు. కోటు తలమీదికి లాక్కుని, గుంట చూసుకోకుండా దిగి, చీలమండ దాకా ముంచుకుని, తిట్టుకుంటూ, వంతెన వైపు. పొగమంచులో కలిసిపోయేదాకా చూసింది గ్లెనిస్. ఏదో వస్తుందనుకుంది లోపల, చల్లదనమో, ఏడుపో. ఏమీ రాలేదు. వాడు బతికే ఉన్నాడు, ఇంటికెళ్ళి వేడినీళ్ళు పోసుకుంటాడు, తనకి పిచ్చి అని పదిమందికి చెబుతాడు. కానీ చెప్పడానికి దేనికో కూడా చెప్పాలి. ఎవరో ఒకరు అడుగుతారు, ఏ రేలీన్ అని. రొట్టెలకొట్లో, బారులో. అడగనీ. అరచెయ్యి తెరిచి చూసుకుంటే చర్మం లేచినచోట నెత్తురూ నల్లనూనే కలిసిపోయి ఏది ఏదో తెలీలేదు. పైన కారు వేలాడుతోంది, ఆవపువ్వు రంగు, వాననీళ్ళు ఇంకా బొట్లు బొట్లుగా దాని పొట్టమీంచి రాలి తన మెడ మీద పడుతున్నాయి. రిమ్ములు ఉత్తవి, పాతవి కోసేసింది, కొత్తవనుకున్నవి కోసేసింది. టైర్లు వచ్చేదాకా దాన్ని దింపడానికి లేదు, ఉన్నది ఒక్కటే లిఫ్టు. ఇవాళ, రేపు, ఎల్లుండి, సోమవారం, వాడి కారు కిందినుంచే అటూ ఇటూ తిరగాలి తను, తలొంచుకుని.

మెల్‌బోర్న్‌కి ఫోను చేసింది. గోదాములో స్పైరో ఎత్తాడు, ఎప్పుడూ నోట్లో ఏదో నములుతూనే మాట్లాడే మనిషి.

"చెప్పక్కా, అక్కడ ఇంకా మునిగిపోలేదా మీరు?"

కొలతలు చెప్పింది. ముందువి రెండు, వెనకవి రెండు.

"అబ్బో, ఎవరో గొప్పోడే దొరికాడు నీకు. ఉన్నాయక్కా, రెండు రకాలు. ఒకటి చవక, పొడి రోడ్డు మీద ఫరవాలేదు, వానలో అంతంతమాత్రం. వాడికేం తెలుస్తుంది, లాభం నీకే ఎక్కువ. రెండోది తడిలో పట్టు వదిలే ప్రశ్నే లేదు, ఈ మార్చిలో తయారైంది. ఏది వెయ్యమంటావ్?"

గ్లెనిస్ తలెత్తి వేలాడుతున్న కారు వైపు చూసింది.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నా."

"ఏది?"

మెడ మీద ఇంకో నీటిబొట్టు పడింది. తుడుచుకోలేదు. "మార్చివి," అంది, పళ్ళు బిగబట్టి. "మార్చివే వెయ్యి. వెయ్యి త్వరగా, నేను మళ్ళీ మనసు మార్చుకోకముందే."